పుట్టింటి ఓటు

ఖైరున్నీసాకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదల్లా ఒకటే. ఆదాం మంచివాడు. కూర బాగాలేకపోయినా మారు వడ్డించుకుంటాడు, పెళ్ళాం మాట్లాడుతుంటే చదువుతున్న పేపరు మడిచి పక్కన పెడతాడు. కానీ నోరు నిలవదు. ప్రత్తిపాడు సెంటర్లో ఆయన పరుపుల కొట్టుకి చిన్న దిండు కుట్టించుకోవడానికి వచ్చినవాడైనా సరే, దూది ఏకడం పూర్తయ్యేలోపు "మా ఇంటావిడ బీఏ అండీ, వీధిలో ఓట్ల సంగతంతా ఆవిడే చూస్తది" అన్న కబురు వినకుండా మెట్లు దిగలేడు. దాంతో ఓటు చేర్పించుకోవాల్సిన వాళ్ళతోపాటు పింఛను ఆగినవాళ్ళు, గ్యాసు రానివాళ్ళు, ఆధార్‌లో పుట్టినతేదీ తప్పుపడ్డవాళ్ళు కూడా ఆవిడ గుమ్మం ముందు చేరారు. ఒకాయనైతే తన కరెంటు మీటరు గిర్రున తిరుగుతోందని వచ్చి, దానికీ ఏదో ఒక ఫారం ఉండకపోదని కూర్చున్నాడు. ఆదాం ఇదంతా గొప్ప కోసం చేయలేదు. ఆయనకు పెళ్ళామంటే గౌరవం. ఆ గౌరవమేదో కాస్త తగ్గిస్తే తనకు మధ్యాహ్నంపూట నడుం వాల్చే తీరిక దొరుకుతుంది కదా అని ఖైరున్నీసా బాధ.

ఆ తీరికే ఉండుంటే ఆవిడ ఆ పని చేసి ఉండేది కాదేమో. వీధిలో పద్దెనిమిది నిండిన పిల్లలు, కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు, అద్దెకు దిగినవాళ్ళు, అందరి పేర్లూ పట్టుబట్టి ఓటర్ల జాబితాకు ఎక్కించింది. తీరా చూస్తే తన సొంత కోడలు షమా ఓటు ఇంకా కనిగిరిలో, పుట్టింటి చిరునామా మీదే ఉంది. ఎదురింటి బిందుమాధవి అది కనిపెట్టి, "మీ ఇంటి సంగతేంటి పిన్నీ?" అని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ నవ్వుకి తట్టుకోలేక ఖైరున్నీసా ఫోను తీసుకుని కూర్చుని, షమా పేరున చిరునామా మార్పు దరఖాస్తు పెట్టేసింది. ఓటీపీ షమా ఫోనుకే వచ్చింది. చేతులనిండా చపాతీ పిండితో ఉన్న షమా, అత్తగారు గ్యాసు బండ బుక్ చేస్తున్నారనుకుని ఆ అంకెలు చదివి చెప్పింది. అది గ్యాసు కోసమని ఖైరున్నీసా చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

ఆ దరఖాస్తు విచారించడానికే సుబ్బరావమ్మ వచ్చింది. ఆవిడ అంగన్‌వాడీ టీచరు, దాంతోపాటు ఇంటింటికీ తిరిగి ఓటర్ల పేర్లు సరిచూసే బీఎల్వో కూడా. వరండాలో కుర్చీ వేసుకుని, "ఏమ్మా షమా, ఇది నువ్వు పెట్టిందేగా?" అని మాటవరసకి అడిగింది. కాపురానికొచ్చిన ఈ మూడేళ్ళలో ఆ ఇంట్లో ఎవరి మాటకీ అడ్డు చెప్పని షమా, "నేను పెట్టలేదండీ," అంది.

పోయిన వారం వాళ్ళ ముగ్గురినీ ఆ వరండాలో అలాగే వదిలేశాం. టీ ఇంకా చల్లారలేదు.

సుబ్బరావమ్మ కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. నిక్కరు తడుపుకున్న పిల్లాడిని పదిమందిలో చిన్నబుచ్చకుండా పక్కకు తీసుకెళ్ళడం ఆవిడకు రోజూ అలవాటైన పనే.

"పంచదార సరిపోయింది," అంది ముందు. తర్వాత, "మరి ఎవరు పెట్టారమ్మా?" అంది.

షమా నేల చూసింది. అత్తగారి వంక చూసినా బాగుండేది. చూడకపోవడం వల్ల సంగతంతా ఇంకా స్పష్టంగా తెలిసిపోయింది.

"సర్లే," అంది సుబ్బరావమ్మ లేస్తూ. "ఈ ఫోన్లలో ఒకటి నొక్కబోతే ఇంకోటి పడుద్ది. రేపు పొద్దున ఎట్టాగూ కొత్తోళ్ళ ఫారాలు తీసుకోడానికి మీ వరండాకే వస్తాగా. అప్పుడు చెప్పు. లోపలికెళ్ళి పని చూసుకోమ్మా."

షమా లోపలికి కాదు, మెట్లెక్కి డాబా మీదకు పోయింది. సుబ్బరావమ్మ గేటు దాకా నడిచి గొంతు తగ్గించింది.

"అక్కా, ఆ పిల్ల నేనే పెట్టానంటే కనిగిరిలో ఓటు తీసేసి ఇక్కడ చేరుస్తారు. కాదంటే నేను తిరస్కరిస్తా. అదేం పెద్ద పని కాదు. కానీ కాదన్నప్పుడు మరెవరు పెట్టారో కూడా నేను రాయాలి. ఒకళ్ళ పేరు మీద ఇంకొకళ్ళు డిక్లరేషన్ ఇవ్వడం నేరమని మొన్న ఓటు చేర్పించుకోడానికొచ్చిన కుర్రాళ్ళకి మీరే కదా చెప్పింది."

"చెప్పాను."

"బాగా చెప్పారు కూడా. నేను వింటానే ఉన్నా."

ఆవిడ స్కూటీ సందు మలుపు తిరిగేదాకా ఖైరున్నీసా గేటు పట్టుకునే నిలబడింది. ముందు వచ్చింది కోపమే. తను చేసిన తప్పేమిటి? సొంత మనిషి ఓటు సొంత ఊళ్ళో పెట్టించడం కూడా నేరమేనా? ఆ పిల్ల "ఆ, నేనే" అంటే నోరు అరిగిపోయేదా? ఇలా ఆవిడ తన తరఫున తానే వాదించుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, తాగని మంచినీళ్ళు గ్లాసులో పోసి, తిరిగి బిందెలోనే వంచి, ఖాళీ చాట ఒకటి తీసుకుని తనూ డాబా ఎక్కింది.

డాబా మీద ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి కొన్న మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. మిల్లుకి పంపేలోపు తొడిమలు తీయాలి. షమా ముక్కుకి చున్నీ కట్టుకుని ఎండలోనే కూర్చుని ఆ పనిలో పడింది.

"ఆ ఎండలో ఏంటి, ట్యాంకు నీడలోకి రా."

షమా చాట జరుపుకుని వచ్చింది. ఖైరున్నీసా ఎదురుగా కూర్చుని కొంగు ముక్కుకి చుట్టుకుంది. కాసేపు ఇద్దరూ తొడిమలు తుంచారు. ఎండిన కాయలు గలగలమన్నాయి.

"ఇష్టం లేదని నాతో చెప్పొచ్చుగా."

"మీరు అడగలేదు కదత్తమ్మా."

అందులో పుల్లవిరుపు లేదు. కూరలో ఉప్పు తక్కువైంది అని చెప్పినట్టు చెప్పింది. ఖైరున్నీసా తనకు బాగా వచ్చిన పనికి దిగింది. ఉపన్యాసం ఎత్తుకుంది.

"చూడమ్మా. నువ్వు తాగే నీళ్ళు ఈ ఊరివి. నడిచే రోడ్డు ఈ ఊరిది. నాలుగు చినుకులు పడితే మన గుమ్మం దాకా వచ్చే మురుగు కూడా ఈ ఊరిదే. వాటి గురించి ఎవర్నైనా నిలదీయాలంటే నీ ఓటు ఇక్కడుండాలి. రూలు కూడా అదే, ఎక్కడ కాపురముంటే అక్కడే ఓటు. మనిషి ఒకచోట, ఓటు ఒకచోట ఉంటే రెండుచోట్లా నువ్వు లెక్కలోకి రావు."

వీధిలో ప్రతి ఇంట్లోనూ చెప్పిన మాటలే. ప్రతి ఇంట్లోనూ పనిచేసిన మాటలు. చివరింటి కొత్తకోడలైతే విని కళ్ళు తుడుచుకుని, మొగుణ్ణి అడక్కుండానే సంతకం పెట్టేసింది. ఈ డాబా మీద మాత్రం ఆవిడ గొంతు ఆవిడకే ఆటోకి కట్టిన మైకులా వినిపించింది.

"మీరు చెప్పింది నిజమేనత్తమ్మా," అంది షమా.

షమాతో వచ్చిన చిక్కే అది. ఒప్పేసుకుంటుంది. ఒప్పుకున్నాక మనిషి ఎంతదూరం జరిగిపోయిందో మనకు తెలియదు.

"ఇక్కడ కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి," అంది మళ్ళీ తనే, తల ఎత్తకుండా. "మా ఇంటి బోరు నీళ్ళు గ్లాసులో పోసి పెడితే అడుగున తెల్లగా పేరుకుంటది. ఫ్లోరైడు. అవి తాగే మా అమ్మ మోకాళ్ళు అట్టా బిగుసుకుపోయినయ్యి. మా పెళ్ళిలో కూడా కుర్చీలోంచి లేవలేకపోయింది. మీ వాళ్ళంతా పొగరనుకున్నారు."

"నేననుకోలేదు," అంది ఖైరున్నీసా.

అనుకుంది. కొంచెం.

"నేను ఓటేసేది ఆ నీళ్ళ కోసమే. అక్కడ నా ఓటు తీసేస్తే, ఆ నీళ్ళ గురించి అడిగే నోరు ఒకటి తగ్గిపోద్ది." షమా ఒక కాయ తొడిమ తుంచి, కాయను పొరపాటున తొడిమల్లో పడేసి, మళ్ళీ ఏరి తీసింది. "ఓటు రోజున అమ్మ నా భుజం పట్టుకుని నడుస్తది. మా ఇంటి నుంచి స్కూలు దాకా. దారిలో అందరూ పలకరిస్తారు. అమ్మని, కరీమూ, కూతురొచ్చిందా అంటారు. లైన్లో నిలబడలేదని అమ్మకి కుర్చీ వేస్తే కూర్చోదు, నా పక్కనే నిలబడతానంటది. ఇద్దరం వేలికి సిరా పెట్టించుకుని ఇంటికొచ్చి, అన్నం తిని పడుకుంటాం. పొద్దు వాలేదాకా పడుకుంటాం. అంతేనత్తమ్మా. ఇంకేం చెయ్యం."

ఖైరున్నీసాకు తెలియకుండానే ఆవిడ చెయ్యి నిదానించింది. ఆ పడుకోవడంలో ఏముందో ఆవిడకు తెలుసు. వేటపాలెంలో తన తల్లి పక్కన, ఫ్యాను కింద, జీడిపప్పు ఒలిచిన చేతుల వాసనలో తనూ అలాగే పడుకునేది.

"ఆ మాత్రం దానికి ఓటెందుకే?" అంది మెత్తగా. "ఎప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు వెళ్ళిరా. నేనెప్పుడైనా వద్దన్నానా?"

షమా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"లేదు. మీరు ఎప్పుడూ వద్దనలేదు."

కింద సందులో ఎవరో మోటారు సైకిలు మీద ఐస్‌క్రీమ్ అమ్ముకుంటూ పోయారు. ఆ పాట దూరమయ్యేదాకా షమా ఆగింది.

"వెళ్దువుగానిలే అన్నారు."

ఖైరున్నీసా తల ఎత్తింది.

"పోయిన వానాకాలంలో అమ్మకి జ్వరమొస్తే అడిగాను. పెళ్ళిళ్ళ సీజను, మామయ్య కొట్టుకి దిండు గలేబులు కుట్టాలి, ఇది అవనీ, వెళ్దువుగానిలే అన్నారు. మా పిన్ని కూతురి నిశ్చితార్థానికి అడిగాను. తోడు ఎవరూ లేరు, ఆయనకి సెలవు దొరికినప్పుడు వెళ్దువుగానిలే అన్నారు. రంజానుకి అడిగాను. కోల్డ్ స్టోరేజికి మిర్చి లారీలు దిగుతున్నాయి, ఆయన రాలేడు, మనింటికేమో చుట్టాలొస్తున్నారు, పండగెళ్ళాక వెళ్దువుగానిలే అన్నారు. పోయిన వారం అడిగితే ఈ మిరపకాయల పని కానీ అన్నారు." ఆ కాయల వంక చూసి చిన్నగా నవ్వింది. "అందుకే తొందరగా తీస్తున్నా."

వెళ్దువుగానిలే. తెలుగులో అంత మెత్తటి మాట ఇంకోటి ఉండదు. అందులో వెళ్ళడం ఉంది, ఒప్పుకోవడం ఉంది, చివర 'లే' దగ్గర తల నిమిరినట్టు ఒక బుజ్జగింపు కూడా ఉంది. బస్సు మాత్రం లేదు.

ఖైరున్నీసా తన అత్తగారిని తలుచుకుంది. ఆవిడ చదువుకోలేదు, మాట తిప్పడం రాదు. పుట్టింటికి వెళ్తానని అడిగితే మొహాన్నే "వద్దు" అనేది. ఆ "వద్దు" విని విని, రేపు నాకంటూ ఒక కోడలొస్తే ఆ మాట నా నోట రానివ్వనని ఖైరున్నీసా వేటపాలెం బస్సెక్కే ప్రతిసారీ అనుకునేది. అనుకున్నట్టే చేసింది కూడా. ఒక్కసారీ రానివ్వలేదు. తన డిగ్రీ చదువు తనకు నేర్పింది, అదే పనికి ఇంకో మాట వాడటమని ఇప్పుడు మిరపకాయల మధ్య కూర్చుంటే తెలిసింది.

"ఎలక్షన్లకి మాత్రం మీరు అట్టా అనలేరత్తమ్మా," అంటోంది షమా. "ఓటుకి తేదీ ఉంటది. తర్వాత వేద్దువుగానిలే అనడానికి కుదరదు. పోయినసారి మీరే నా సంచి సర్దారు. దారిలో తినమని జంతికలు పెట్టారు. మామయ్యని బస్టాండ్ దాకా పంపారు. ఓటెయ్యకుండా వస్తే ఇంట్లోకి రానివ్వనన్నారు. మీరు నాకు ఆ రోజు ఎంత నచ్చారో." ఇంకో కాయ అందుకుంది. "ఆ ఓటు కూడా ఇక్కడికి మార్చేస్తే, ఇంక నా పుట్టింటికి తేదీ ఉండదు."

ఆ పిల్ల కళ్ళు నిండాయి. చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఖైరున్నీసా ఆ మణికట్టు పట్టుకుని ఆపింది.

"కారం చేత్తో కళ్ళు తుడుచుకుంటావా? ఉండు."

తన కొంగు లోపలి అంచు, కారం తగలని చోటు వెతికి తీసి, ముందు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను అద్దింది. పసిపిల్లకు కాటుక తుడిచినట్టు తుడిచింది. తన కళ్ళు కూడా కారుతున్నాయి. మిరపకాయల దగ్గర ఏడవడంలో ఒక వెసులుబాటుంది, ఎవరూ కారణం అడగరు.

అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అత్తల నోళ్ళకు ఆ దారి అలవాటు లేదు. అందుకని అసలు మాట వదిలేసి పక్క మాట అందుకుంది.

"రేపు సుబ్బరావమ్మకి ఏం చెప్తావు?"

"నేనే పెట్టానని చెప్తాలెండి."

"అదేంటి?"

"లేకపోతే మీ పేరు రాయాలంట కదా. గేటు దగ్గర ఆవిడ చెప్తుంటే వినపడింది. పిల్లల్ని పిలిచి పిలిచి ఆ సుబ్బరావమ్మ గారి గుసగుస కూడా డాబా మీదకి వస్తది." షమా మళ్ళీ చాట దగ్గరకు లాక్కుంది. "మీరు ఎండల్లో వీధంతా తిరిగి అందరికీ చెప్పినోళ్ళు. మీ పేరు అట్టాంటి కాగితం ఎక్కకూడదత్తమ్మా. నాదేముంది, ఒక్క ఓటేగా."

ఒక్క ఓటేగా అన్నవాళ్ళను ఖైరున్నీసా గుమ్మం దాటనిచ్చేది కాదు. నిలబెట్టి వాయించి, సంతకం పెట్టించాకే వదిలేది. ఇప్పుడు ఆ మాట అన్న పిల్లను వదిలేసి, రెండు కాయలు తొక్కుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆదాం జుట్టులో దూది నూగుతో ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చున్నాడు. కొడుకు అస్లాం ఇంకా కోల్డ్ స్టోరేజి నుంచి రాలేదు. షమా లోపల నమాజులో ఉంది. ఖైరున్నీసా అన్నం వడ్డిస్తూ జరిగినదంతా చెప్పింది. అంతా అంటే, తనకు చెప్పడానికి వీలైనంత.

"ఆ పిల్ల రేపు నేనే పెట్టానంటే గొడవ వదిలిపోద్దిగా," అన్నాడాయన.

"వదిలిపోతుంది."

"మరింకేంటి?"

"ఇంకేం లేదు."

ఆదాం పప్పు కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. "ఉప్పెయ్యలేదు," అని, ఇంకో గరిటె వేయించుకున్నాడు. తర్వాత, సంగతికి సంబంధం లేనట్టే, "పేట బస్టాండ్‌లో కనిగిరి బస్సు ఎన్నింటికుంటది మామయ్యా అని అప్పుడప్పుడు నన్ను అడుగుద్ది," అన్నాడు.

"షమానా? ఎందుకంట?"

"ఎందుకమ్మా అంటే ఊరికేనంటది. నేను టైము చెప్తా. విని వెళ్ళి గిన్నెలు తోముకుంటది." ఆయన కంచంలోకి చూస్తూ వేళ్ళతో అన్నం సర్దాడు. "ఊరికేనంటే ఊరికేననుకున్నా. నోరున్నోణ్ణి అని పేరేగానీ, ఎందుకని ఇంకోసారి అడగడానికి నాకు మాత్రం నోరొచ్చిందా."

ఖైరున్నీసా మజ్జిగ గిన్నె ఆయన ముందుకు జరిపింది.

పొద్దున్నే వరండా నిండిపోయింది. కొత్త పేర్లు తీసుకునే గడువు దగ్గర పడడంతో, ఇన్నాళ్ళూ రేపు మాపు అన్నవాళ్ళంతా చెప్పులు విడిచి లోపలికొచ్చారు. బిందుమాధవి పద్దెనిమిది నిండిన కూతురిని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లకు ఓటు కావాలి కానీ, ఆ ఫోటోతో వద్దట.

"ఈ ఫోటోలో నేను దొంగలా ఉన్నానమ్మమ్మా."

"ఓటరు కార్డు ఫోటోలో అందరూ అలాగే ఉంటారమ్మా. నేను పెళ్ళాడిన మనిషిని ఆయన కార్డులో ఇప్పటికీ గుర్తుపట్టలేను," అంది ఖైరున్నీసా. అలవాటుగా వచ్చిన హాస్యం. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఒక మూల పిచ్చయ్య కర్ర ఒళ్ళో పెట్టుకుని మూతి బిగించుకుని కూర్చున్నాడు. ఆయనకు ఓటుంది. అయినా ఈసారి వేయనని చెప్పడానికే ప్రత్యేకంగా నడిచొచ్చాడు.

"పోయినసారి అందరిళ్ళకీ వచ్చి అడిగారు. నా గడప తొక్కలా. నా ఓటు వాళ్ళకి అక్కర్లా. అక్కర్లేని చోట నేనెందుకు వెయ్యాలమ్మాయ్?"

"నేను అడుగుతున్నాగా బాబాయ్. ఓటెయ్యండి."

"ఎవరికి?"

"మీ ఇష్టం. ఎవరికని కాదు, వెయ్యమంటున్నా."

పిచ్చయ్య దీన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అడిగింది ఒక మనిషి, అదీ ఇంట్లో కూర్చోబెట్టి. "అట్టా అడిగితే వేరు," అన్నాడు. మూతి వదులైంది.

అప్పుడే సుబ్బరావమ్మ స్కూటీ వచ్చి గేటు ముందు ఆగింది. అందరికీ నమస్కారాలు పెట్టి, కుర్చీలో సర్దుకుని, ఫోనులో యాప్ తెరిచింది. కొత్త పిల్లలవి చూసింది. బిందుమాధవి కూతురి ఫోటో చూసి, "బాగుందిగా," అంది. ఆ పిల్ల నమ్మలేదు. తర్వాత సుబ్బరావమ్మ అద్దాలు సవరించుకుని, ఎవరి వంకా చూడకుండా, "షమమ్మని ఒకసారి రమ్మనండి," అంది.

షమా తడిచేతులు చున్నీకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. బిందుమాధవి మెడ ఆ గుమ్మం వైపు దానంతటదే తిరిగింది.

"చెప్పమ్మా. ఈ మార్పు దరఖాస్తు నీదేనా?"

షమా అత్తగారి వంక చూసింది. నిన్న చూడనిదానికి కలిపి ఇవాళ చూసింది. ఏం కాదులెండి అన్నట్టు కళ్ళతోనే ధైర్యం చెప్పి, సుబ్బరావమ్మ వైపు తిరిగింది.

"ఆ, నాదేనండీ. నిన్న గుర్తు రాక..."

"ఆగు," అంది ఖైరున్నీసా.

ఆవిడ లేచేసరికి ఒళ్ళో ఉన్న ఫారాలు జారి పిచ్చయ్య కాళ్ళ దగ్గర పడ్డాయి. సుబ్బరావమ్మ ఒక్క చూపు చూసింది. ఆ చూపులో కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, కూర్చోమన్నంత మర్యాద ఉంది.

"అక్కా, ఆ పిల్ల చెప్తోందిగా. నేను అట్టాగే రాసేసుకుంటా. మీరు కూర్చోండి."

"రాయొద్దు."

"ఒకసారి నేను వేరేగా రాశానంటే మళ్ళీ కొట్టెయ్యడానికి ఉండదు. అది పైకి పోద్ది. పిలిచి అడుగుతారు. మీరింక ఈ వరండాలో కూర్చుని ఎవరి ఫారమూ ముట్టుకోడానికి ఉండకపోవచ్చు." ఆవిడ గొంతు తగ్గించలేదు. తగ్గించి లాభం లేదని ఆవిడకూ తెలిసినట్టుంది. "ఆలోచించుకోండి."

"ఏంటి పిన్నీ? ఏమైంది?" అంది బిందుమాధవి. ఆ గొంతులో ఆనాటి నవ్వు లేదు, భయముంది.

"వద్దత్తమ్మా," అంది షమా మెల్లగా.

ఖైరున్నీసా వరండా అంతా ఒకసారి చూసింది. తను ఇంటింటికీ తిరిగి కూడబెట్టుకున్న మొహాలు. వీళ్ళలో సగం మంది తన మాట మీద సంతకం పెట్టినవాళ్ళు. ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఆ దరఖాస్తు షమా పెట్టలేదు సుబ్బరావమ్మా. నేను పెట్టాను. ఆ పిల్లకి చెప్పకుండా, అడక్కుండా, గ్యాసు కోసమనుకుని అది ఓటీపీ చెప్తుంటే నోరు మూసుకుని విని, నేనే పెట్టాను. నా పేరే రాయి."

సుబ్బరావమ్మ వేలు ఫోను మీద ఆగిపోయింది. కింద పడ్డ ఫారాలను తీయడానికి కూడా ఎవరూ వంగలేదు. ఖైరున్నీసా ఆ జనమంతా అక్కడ లేనట్టే కోడలి వైపు తిరిగి, అందరికీ వినపడేలాగే అంది.

"ఈ కాగితం ఒక్కటే అయితే పోనీలే అనుకుందును. పుట్టింటికి వెళ్ళడానికి ఓటు అడ్డం పెట్టుకోవాల్సిన ఇల్లు చేసి పెట్టాను నీకు. తప్పు నాదే షమా. ఈ మూడేళ్ళూ నాదే."